క్రూజ్ కంట్రోల్ కోసం సూద్ కట్టాలా?

పోయిన జుమ్మా నమాజ్ అయ్యి మస్జిద్ మెట్లు దిగుతుంటే మా బేగం తమ్ముడు వెంటపడ్డాడు. చేతిలో ఫోన్, ఫోన్‌లో కారు బొమ్మ. “దూలాభాయ్, ఒక మష్వరా కావాలె. కారు ఫైనల్ చేసిన. మధ్య మోడల్ తీసుకుందామనుకుంటే షోరూమ్ ఆయన టాప్ మోడల్ తీసుకోమంటుండు. దాంట్ల క్రూజ్ కంట్రోల్ ఉన్నదట. కాలు పెట్టే పనే లేదట. లక్షన్నర తేడా. తీసుకోవాలెనా, వద్దా?”

నిలబడ్డచోట జవాబు చెప్పే సవాల్ కాదిది. “రాత్రి ఇంటికి రా, చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం” అన్నాను. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. ఎందుకంటే ఈ సవాల్ వాడొక్కడిది కాదు. మన ఇళ్లలో ఇప్పుడు మొదటిసారి కారు కొంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. బైక్ మీద నలుగురం సర్దుకుని తిరిగిన తరం నుంచి కారు దాకా వచ్చాం, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ కారు కొనేటప్పుడు ఏది జరూరత్, ఏది షౌఖ్ అన్నది విడదీసి చెప్పేవాళ్లు తక్కువ. షోరూమ్‌వాళ్లు చెప్పరు, అది వాళ్ల పని కాదు.

ముందు అసలు ఇదేమిటో సాఫ్‌గా చెప్పుకుందాం. స్టీరింగ్ మీద ఒక బటన్ ఉంటుంది. మీరు ఎనభైలో పోతున్నప్పుడు దాన్ని నొక్కితే, ఇక ఆ ఎనభైని పట్టి ఉంచే జిమ్మేదారీ బండిది. ఎత్తు వస్తే ఇంజన్‌కు కాస్త ఎక్కువ ఇస్తుంది, పల్లం వస్తే తగ్గిస్తుంది. బ్రేక్ తాకినా, గేర్ల బండి అయితే క్లచ్ నొక్కినా వదిలేస్తుంది. మళ్లీ పాత వేగానికి పోవాలంటే ఇంకో బటన్. చాలా బండ్లలో ముప్పై నలభై లోపు వేగానికి ఇది పనిచేయనే చేయదు. అంతే దీని కథ. ముందు ఏమొస్తోందో దీనికి కనిపించదు. గేదె వచ్చినా, గుంత వచ్చినా దానికి ఒకటే.

కనిపించదు అంటే ఒకటి యాదికొచ్చింది. దీన్ని కనిపెట్టిన మనిషికి కూడా చూపు లేదు. ఆయన పేరు రాల్ఫ్ టీటర్. అమెరికాలో ఇండియానా రాష్ట్రం మనిషి. ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో కళ్లు పోయాయి. అయినా ఇంజనీర్ అయ్యాడు, పిస్టన్ రింగులు చేసే కంపెనీ నడిపాడు. ఆయన వకీల్ ఒకాయన కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు ఒకలా, వినేటప్పుడు ఒకలా వేగం మార్చేవాడట. పక్క సీట్లో కూర్చున్న టీటర్‌కు ఆ ముందుకూ వెనక్కూ ఊగడం చిరాకు పుట్టించిందని చెబుతారు. చూపున్నవాడి కాలు నిలకడగా లేదని చూపులేనివాడు గుర్తుపట్టాడు! 1950లో ఆయనకు పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ కార్లలో ఇది మొదటిసారి అమ్మకానికి వచ్చింది. అంటే ఇది కొత్త కరామత్ ఏమీ కాదు, అరవై ఏళ్లు దాటిన పాత చీజ్. మన దగ్గర చిన్న కార్ల పై మోడళ్లలోకి దిగింది మాత్రం ఈ మధ్యనే. అందుకే మనకు కొత్తగా కనిపిస్తోంది.

మా ఖాలూ చాలా ఏళ్లు రియాద్‌లో డ్రైవర్‌గా చేశారు. అక్కడి పెద్ద పెద్ద బండ్లలో ఇది మామూలు సంగతి. రియాద్ నుంచి మక్కాకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైన రోడ్డు. ఉమ్రాకు పోయే సేఠ్ కుటుంబాన్ని ఎక్కించుకుని బయల్దేరితే గంటల తరబడి ఒకటే వేగం. రెండు పక్కలా కంచె, మధ్యలో గోడ, ఎదురు బండి లేదు. “అది లేకపోతే నా కుడి మోకాలు పదేళ్ల ముందే పోయేది” అంటారు. అదే ఖాలూ ఇక్కడికొచ్చాక మా బండిలో ఆ బటన్ చూసి నవ్వారు. “బేటా, యే రేగిస్తాన్ కీ చీజ్ హై. మన సాగర్ రోడ్డు మీద దీంతో ఏం పని?”

ఖాలూ మాటలో సగం సచ్చాయీ ఉంది. మన రోజువారీ రోడ్డు చూడండి. ఇబ్రహీంపట్నం చౌరస్తా నుంచి ఎల్బీనగర్ దాకా పొద్దున్నే బయల్దేరతాం. శేరిగూడ, మంగళ్‌పల్లి దగ్గర కాలేజీ బస్సులు వరసకట్టి ఉంటాయి. బొంగ్లూర్ గేట్ దగ్గర ఔటర్ ఎక్కేవి, దిగేవి, ఆదిబట్ల ఆఫీసులకు మళ్లేవి. తుర్కయాంజాల్‌లో బడి పిల్లలు రోడ్డు దాటుతుంటారు. ఇంజాపూర్ దాటితే ఇక బీఎన్‌రెడ్డి నగర్ నుంచి అడుగు అడుగే. ఈ సఫర్ మొత్తంలో ఒకే వేగంతో రెండు నిమిషాలు పోగలిగామంటే అది సండే పొద్దునే అయి ఉండాలి, లేకుంటే ఫజర్‌కు ముందైనా అయి ఉండాలి. ఇక్కడ క్రూజ్ కంట్రోల్ పెట్టడమంటే సంతలో గుర్రం పరిగెత్తించడమే. ట్రాఫిక్‌లో ఎడమ కాలు నొప్పి పుట్టేవాళ్లకు కావలసింది ఆటోమేటిక్ గేర్లు, క్రూజ్ కాదు. ఈ రెండింటినీ కలిపేసి “కాలు పెట్టే పనే లేదు” అని అమ్మేస్తున్నారు. అక్కడే మొదటి మోసపోవడం.

ఇటు దిగువకు పోతే గున్‌గల్, యాచారం, మాల్. వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టర్, రాంగ్ రూట్‌లో బైకు, సాయంత్రం ఇంటికి మళ్లే గొర్లమంద. ఆ రోడ్డు మీద మనిషి కాలు బ్రేక్‌కు బెత్తెడు దూరంలో ఉండాల్సిందే.

మరి సగం సచ్చాయీ అన్నానెందుకు? మిగతా సగం బొంగ్లూర్ గేట్ దగ్గర ఉంది కనుక. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దునియా మారిపోతుంది. 158 కిలోమీటర్ల గుండ్రటి రోడ్డు, ఎనిమిది వరసలు. బైకులకు, ఆటోలకు, నడిచేవాళ్లకు ఇజాజత్ లేదు. లోపలి వరసల్లో 120 దాకా పోవచ్చు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు గల్ఫ్ పోయేవాళ్లను దింపడానికి ఆ దారినే ఎన్నిసార్లు పోయి ఉంటాం! ఇక్కడ మాత్రం క్రూజ్ కంట్రోల్ నిజంగా పనికొస్తుంది. నా తజుర్బాలో దాని మొదటి ఫాయిదా కాలికి ఆరామ్ కాదు, వేగానికి లగాం. ఖాళీ రోడ్డు మీద మన కాలికి తెలియకుండానే బరువు పెరుగుతుంది. తొంభై అనుకుంటాం, చూస్తే నూట పదిహేను. ఒకసారి తొంభైకి కట్టేస్తే ఇక నఫ్స్‌తో కుస్తీ లేదు, చలాన్ భయం లేదు.

దీన్ని చిన్న సంగతి అనుకోకండి. కేంద్ర ప్రభుత్వం లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో నూటికి 71 అతివేగం ఖాతాలోకే వచ్చాయి. ఆ లెక్కల వెనక ఎన్ని జనాజాలు, ఎందరు యతీమ్ పిల్లలు, ఇద్దత్‌లో కూర్చున్న ఎన్ని ఇళ్లు!

రెండో ఫాయిదా డీజిల్, పెట్రోలు. ఎక్కుతూ తగ్గుతూ పోయే కాలికన్నా నిలకడగా పోయే బండి తక్కువ తాగుతుంది, చదును రోడ్డు మీద. అయితే అసలు మిగులు బటన్‌లో లేదు, మీరు కట్టే అంకెలో ఉంది. బండిని వెనక్కి నెట్టే గాలి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఎనభై నుంచి నూరుకు పోతే గాలి దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నూట ఇరవైకి రెండుంపావు రెట్లు. కాబట్టి నూట ఇరవైలో క్రూజ్ పెట్టుకుని “మైలేజ్ రావట్లేదేంటి భాయ్” అంటే ఎలా? వంద కిలోమీటర్లకు ఎనభైలో గంటా పావు పడుతుంది, నూరులో గంట, నూట ఇరవైలో యాభై నిమిషాలు. ఆ పది నిమిషాలు మిగిల్చి మనం చేసే ఘనకార్యం, దారిలో ఇంకో చాయ్ తాగడం.

మూడోది, మోకాళ్లు, చీలమండలు నొప్పిపుట్టేవాళ్లకు. యాభై దాటినవాళ్లు కర్నూలు వైపో, విజయవాడ వైపో నడుపుకుంటూ పోతే మధ్య మధ్య పది పది నిమిషాలు కాలు చాపుకోవడం పెద్ద నియామత్. దీన్ని నేను తేలిగ్గా తీసేయను.

ఇక నుక్సాన్ సంగతి. ఇది పుస్తకంలో చదివింది కాదు, నా మీద పడింది.

రెండేళ్ల కింద మొహర్రంలో నెల్లూరు రొట్టెల పండక్కి పోయాం. అమ్మీ మన్నత్ ఉండింది. బారా షహీద్ దర్గాలో ఫాతిహా అయ్యింది, స్వర్ణాల చెరువులో అమ్మీ రొట్టె అందుకుంది. మరునాడు తిరుగు ప్రయాణం. ఒంగోలులో జొహర్ చదువుకుని, కడుపునిండా బిర్యానీ తిని బయల్దేరాం. అద్దంకి దాటి పిడుగురాళ్ల వైపు వస్తున్నాం. నాలుగు వరసల రోడ్డు, ఖాళీగా ఉంది. తొంభైకి క్రూజ్ కట్టాను. వెనక అమ్మీ, ఇద్దరు పిల్లలు నిద్రలో ఉన్నారు. పక్కన బేగం తస్బీహ్ తిప్పుతోంది. నా కుడికాలికి పనిలేదు కదా, హాయిగా వెనక్కి మడిచి సీటు కిందికి పెట్టుకున్నాను.

నిద్రపోయానని చెప్పలేను. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ నేను అక్కడ లేను. దీన్నే గఫ్లత్ అంటారేమో. ముందు ఎడమ వరసలో ఒక లారీ ఉంది. అది పోతోందనుకున్నా. అది ఆగి ఉంది. లైట్లు లేవు, వెనక కట్టిన కొమ్మా లేదు. బేగం “అజీ!” అని అరిచింది. కాలు ఎత్తాను. పెడల్ ఎక్కడుంది? మామూలుగా అయితే కాలు యాక్సిలరేటర్ మీద ఉంటుంది, బ్రేక్ పక్కనే. ఇప్పుడు సీటు కింద నుంచి వెతుక్కుంటూ రావాలి. అది ఒక్క సెకను. తొంభైలో ఒక్క సెకనంటే ఇరవై ఐదు మీటర్లు. స్టీరింగ్ కుడికి తిప్పాను. ఆ పక్క వరసలో ఆ క్షణాన వెనక నుంచి ఏ బస్సూ రాకపోవడం అల్లాహ్ ఫజల్, నా హునర్ ఏమీ కాదు.

ముందుకొచ్చి చెట్టు కింద బండి ఆపాను. చేతులు వణుకుతున్నాయి. చిన్నోడు లేచి “అబ్బా, ఇల్లొచ్చిందా?” అన్నాడు. వాడికి ఏం చెప్పాలి?

తప్పు లారీవాడిదే అని చాలా రోజులు చెప్పుకున్నా. వాడిది ఉంది, కాదనను. కానీ నాదీ ఉంది. బండి నా కాలి పనిని తీసుకున్నప్పుడు నా కళ్లకు రెట్టింపు పని మిగిలింది. నేను కళ్లకు కూడా ఛుట్టీ ఇచ్చేశాను. క్రూజ్ కంట్రోల్ అసలు ఖతరా ఇదే. అది చెడిపోవడం వల్ల కాదు, సరిగ్గా పనిచేయడం వల్లే మనిషి సోమరి అవుతాడు. మనిషిని మేల్కొలిపి ఉంచేవాటిలో కాలి పని కూడా ఒకటని నాకు ఆ రోజే తెలిసింది.

మా ఊరి చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది, ఊరి పేరూ ఆయనదే. చెరువుకు తూము ఉంటుంది, నీళ్లు కొలతగా వదలడానికి. తూము ఉంది కదా అని నీరటికాడిని ఇంటికి పంపిస్తారా? తూము వదులుతుంది, ఎప్పుడు మూయాలో నీరటి చూస్తాడు. క్రూజ్ కంట్రోల్ తూము లాంటిది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు నీరటి.

వాన సంగతి కూడా చెప్పాలి. తడి రోడ్డు మీద నీళ్లు నిలిచినచోట టైరు పట్టు తప్పుతుంది. మామూలుగా అయితే మన కాలు భయంతో తనంతట తాను పైకి లేస్తుంది. క్రూజ్‌లో ఉన్న బండికి భయం లేదు, వేగం తగ్గిందనుకుని ఇంకా ఇంధనం ఇవ్వబోతుంది. కొత్త బండ్లలో టైరు జారితే క్రూజ్ దానంతట అదే తెగిపోయే ఇంతెజామ్ ఉంటుంది, కానీ దాని భరోసా మీద పోవద్దు. వానలో వాడొద్దని బండితో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని మనం డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మళ్లీ తెరవం. ఘాట్ రోడ్డు మీదా అంతే. శ్రీశైలం ఘాట్‌లో క్రూజ్ పెట్టేవాడికి దువా కన్నా ముందు అఖల్ కావాలి.

“దూలాభాయ్, ఇప్పుడు రాడార్‌తో వస్తున్నయి కదా? ముందు బండిని చూసి అదే ఆగుతదట” అన్నాడు మా బావమరిది. వస్తున్నాయి. 2021లో ఎంజీ ఆస్టర్, మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వచ్చినప్పటి నుంచి మన దగ్గర వాటి మాట పెరిగింది. ముందు పోయే బండి తగ్గితే ఇవి తగ్గుతాయి, అది కదిలితే కదులుతాయి. పాతదానికన్నా ఎన్నో రెట్లు నయం. అయినా రెండు మాటలు. ఒకటి, ముందు బండికి దూరం పాటించే మర్యాద దానికి ఉంది, మన జనానికి లేదు. అది వదిలిన సందులోకి ఆటో దూరుతుంది, వెనక ఇంకోడు దూరుతాడు. బండి బ్రేకు వేస్తూనే ఉంటుంది. రెండు, అసలుసిసలు ఖతరా రోడ్డు మీద నిలిపేసిన బండి. మంచి వేగంలో ఉన్నప్పుడు ఆగి ఉన్నవాటిని, బైకుల్ని ఇవి పట్టుకోకపోవచ్చని కంపెనీల పుస్తకాలే హెచ్చరిస్తాయి. అద్దంకి దగ్గర నన్ను భయపెట్టింది ఆగిన లారీయే కదా.

ఇక చివరికి డబ్బు. అసలు మాట ఇదే.

ఆ లక్షన్నర తేడా మా బావమరిది జేబులో లేదు, బ్యాంకు దగ్గర ఉంది. తొమ్మిది శాతానికి ఐదేళ్లు అనుకుంటే, ఆ లక్షన్నర మీదనే నెలకు మూడు వేల పైచిలుకు కిస్తీ. ఐదేళ్లలో దాదాపు ముప్పై ఏడు వేలు సూద్. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇవ్వను. కారు మొత్తానికీ లోన్ తప్పనివాళ్ల మజ్‌బూరీ అల్లాహ్‌కు తెలుసు. కానీ మజ్‌బూరీకి తీసుకునే అప్పు వేరు, బటన్‌కు తీసుకునే అప్పు వేరు. జరూరత్ లేనిదానికి సూద్ మోయడానికి ఏ ఉజ్ర్ చెప్పుకుంటాం? వాడు ఔటర్ ఎక్కేది నెలకు రెండుసార్లు, పెద్ద సఫర్ ఏడాదికి రెండు. మిగతాదంతా చౌరస్తా నుంచి ఎల్బీనగర్. లెక్క వాడితోనే వేయించాను. తలగోక్కున్నాడు.

“అయితే టాప్ మోడల్ వద్దా?” అన్నాడు.

“క్రూజ్ కోసం వద్దు. ముందు మధ్య మోడల్‌లో ఎయిర్‌బ్యాగులు ఎన్ని, బండి జారకుండా పట్టే ఈఎస్‌పీ ఉందా, వెనక మధ్య సీటుకు కూడా మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా చూడు. అవి కింది మోడల్‌లో లేక పై మోడల్‌లోనే ఉంటే, అప్పుడు పైసలు పోగయ్యేదాకా సబర్ చేసి దానికే పో. క్రూజ్ దాంతో పాటు వస్తే రానీ, కాదనకు. వస్తే నేర్చుకుని వాడు” అన్నాను.

బెల్టు మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2022 సెప్టెంబర్‌లో సైరస్ మిస్త్రీ అంత పెద్దమనిషి ఖరీదైన బండి వెనక సీట్లో పోతూ చనిపోయారు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. మన ఇళ్లలో వెనక సీటు బెల్టు సీటు కింద దాక్కుని ఉంటుంది. దాని మీద చాదర్ కప్పి అమ్మీని కూర్చోబెడతాం. క్రూజ్ గురించి అడిగేవాళ్లు పదిమంది కనిపించారు నాకు. వెనక బెల్టు గురించి అడిగినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

ఇప్పటికే బండిలో క్రూజ్ ఉన్నవాళ్లకు నేను పాటించేవి చెప్తా. ఔటర్, లేదా పగటిపూట ఖాళీగా ఉన్న నాలుగు వరసల రోడ్డు, ఆ రెండుచోట్లే. తొంభై దాటి కట్టను. కుడికాలు సీటు కిందికి పోదు, బ్రేక్ దగ్గరే నేల మీద ఉంటుంది. ఊరు, జంక్షన్, టోల్‌గేట్ బోర్డు కనిపించగానే తీసేస్తా. వానలో, రాత్రి, అన్నం తిన్న గంట దాకా దాని జోలికే పోను. ఆవలింత వచ్చిందంటే క్రూజ్ కాదు, బండే ఆపాలి. దీనికి మనకు అల్లాహ్ ముందే ఇంతెజామ్ చేసి పెట్టాడు. ముసాఫిర్‌కు నమాజ్‌లో కసర్ ఇచ్చి ఆసానీ చేశాడు. వక్త్ అయినప్పుడు బండి ఆపి, వుజూ చేసి, మొహం మీద చల్లటి నీళ్లు పడి, రెండు రకాతులు నిలబడితే అంతకన్నా మంచి విశ్రాంతి ఏ కంపెనీ బటన్‌లో ఉంది?

సవారీ ఎక్కేటప్పుడు చదివే దువా మన పిల్లలకు కూడా కంఠస్థమే. ఈ వాహనాన్ని మా వశం చేసింది నువ్వే, మా తాకత్‌తో అయ్యేది కాదు అన్న ఇఖ్రార్ అందులో ఉంది. అది చదివి, నాలుగు బటన్లు నొక్కి, అంతా మన కంట్రోల్‌లో ఉందనుకుంటే ఆ దువా పెదాల దగ్గరే ఆగిపోయినట్టు. ఒంటెను కట్టెయ్యి, తర్వాత తవక్కుల్ చెయ్యి అన్న నబీ (స) తాలీమ్ మనందరికీ తెలిసిందే. మన కాలంలో ఆ కట్టుతాడు బెల్టు, బ్రేక్ పక్కన కాలు, రోడ్డు మీద కన్ను. క్రూజ్ కంట్రోల్ ఆ తాడు కాదు. ఉంటే మంచిదే, లేకపోతే గమ్ లేదు.

మా బావమరిది మధ్య మోడలే బుక్ చేశాడు. ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, వెనక మూడు సీట్లకూ బెల్టులున్నాయి. బండి వచ్చిన రోజు మా అత్తమ్మను వెనక కూర్చోబెట్టి మొదట బెల్టు పెట్టించాడు. “అయ్యో, ఊపిరాడట్లేదు బేటా” అని ఆమె గోల. “అలవాటైతది అమ్మీ” అని వాడు. ఆ మాట విన్నప్పుడు, నా మష్వరాకు ఫీజు ముట్టిందనుకున్నాను.